గేరుపెట్టెకి గోచీ కట్టిన మనిషి

మా ప్రాంతంలో ట్రాక్టర్లు గోచీ పెట్టుకుంటాయి.

నమ్మకపోతే చిలకలూరిపేట దాటి వినుకొండ వైపు వెళ్ళి చూడండి. గేరు కర్ర పక్కన, పెట్టెలోకి నూనె పోసే కన్నం ఒకటుంటుంది. దానికి మర బిరడా ఉంటుంది. ట్రాక్టరు చేసినవాళ్ళు అది చాలనుకున్నారు. మావాళ్ళు చాలదనుకున్నారు. బిరడా మీద మైనం పట్టించిన గుడ్డ కప్పి, కింది నించి తిప్పి, పురికొసతో బిగించి కడతారు. పండక్కి కొత్తది మార్చేవాళ్ళు కూడా ఉన్నారు.

పోయిన ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో నా సైకిలుకి పంక్చరు వేయించుకుంటున్నాను. పక్క షెడ్డుకి అలాంటి గోచీ ట్రాక్టరు ఒకటి మరమ్మతుకి వచ్చింది. టౌను మెకానిక్కు దాని చుట్టూ ఒకసారి తిరిగి, దీనికి సిగ్గెక్కువా అండీ అని అడిగాడు. వెంట వచ్చిన రైతు నవ్వలేదు. నల్లరేగడి ఎగబాకుతుందనీ, గుడ్డ లేకపోతే పెట్టెలో చక్రాల పళ్ళన్నీ తినేస్తుందనీ, సిమెంటు రోడ్ల మీద బతికేవాళ్ళకి ఈ సంగతులు తెలియవనీ చెప్పాడు.

ఎవరు చెప్పారండీ ఇది, అని అడిగాను, తెలిసే.

"వినుకొండ మేస్త్రీ. ఇంకెవరు చెబుతారు? పాపం, పోయిన వారం పోయాడు గదండీ. ఇంక మట్టి సంగతి తెలిసినవాడు లేడు."

నల్లరేగడి గేరుపెట్టెలోకి ఎగబాకదు. ఎగబాకుతుందని ఆయన మొట్టమొదట చెప్పింది ఐదారేళ్ళ కిందట, మా పెదనాన్న వాకిట్లో. అప్పుడు నేనక్కడే ఉన్నాను. కాదని చెప్పడానికి నా నోరు ఖాళీగా లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాను.

ఆయనకో పేరు ఉండే ఉంటుంది. ఎవరూ వాడగా నేను వినలేదు. కొందరు సాయిబు అనేవాళ్ళు, అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. వినుకొండలో బస్సులు ఆగేచోటికి దగ్గర్లో రేకుల షెడ్డు. మనిషి పొట్టి, కోటు పొడుగు. కళ్ళంలో మిరపకాయలు గలగలలాడే ఎండలో కూడా ఆ ఖాకీ కోటు విప్పేవాడు కాదు. తనకి మద్రాసులో పని నేర్పిన దొర ఇచ్చిన కోటట అది. ఆ దొర ఒకసారి చెప్పినప్పుడు బట్టతలవాడు, ఇంకోసారి చెప్పినప్పుడు ఎర్రజుట్టువాడు. ఈ జుట్టు ఎప్పుడు మొలిచింది మేస్త్రీగారూ అని అడిగాను. "మద్రాసు నీళ్ళు చిన్నబాబూ, ఏదైనా మొలుస్తుంది" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. ఆ రోజు నించీ ఆయనంటే నాకు గౌరవం. అంత తడుముకోకుండా అబద్ధమాడగలిగినవాళ్ళు మా వంశంలో లేరు. మావాళ్ళు ముందు దగ్గుతారు.

ఏ యంత్రం ఎదురుగా పెట్టినా ముందు అది చచ్చిపోయిందనేవాడు. ఇంజను మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా లేచి తలమీద టోపీ తీసేవాడు. యజమాని మొహంలో నెత్తురు దిగిపోయేదాకా ఆగి, మళ్ళీ పెట్టుకునేవాడు. ఆ తర్వాత బతికించేవాడు. చావని దాన్ని బతికించడం కష్టమైన పనేం కాదని నేను ఒకసారి పైకే అన్నాను. ఆయనకి కోపం రాలేదు. డాక్టర్లూ అదే చేస్తారుగా, వాళ్ళని అడగరేం అన్నాడు.

కానీ ఆయన పేరు మోగింది మరమ్మతు వల్ల కాదు, విచారణ వల్ల. పెట్టె విప్పే ముందు, యంత్రం మీద చెయ్యి వేసిన ప్రతివాణ్ణీ వాకిట్లో నిలబెట్టేవాడు. ఎవరేం తిప్పారు, ఎవరేం పోశారు అని వరసగా అడిగేవాడు. అందరూ ఏమీ చేయలేదనేవాళ్ళు. అప్పుడు మూత తీసి, నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, నాలిక చివర పెట్టుకుని ఆకాశం వంక చూసేవాడు. చూపు దించేసరికి దోషి ఎవరో తేలిపోయేది. "మిషను అబద్ధం చెప్పదండీ" అనేవాడు. పందెం వేసి ఆయిలింజనులో సారా పోసిన ఒక కొత్తల్లుణ్ణి అత్తగారి ఎదుటే పట్టించాడు. ఆ అల్లుడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయి మళ్ళీ రాలేదట. అమ్మాయి కూడా పెద్దగా ఎదురుచూడలేదట. మేస్త్రీ వస్తున్నాడంటే ఊరంతా పనులు మానుకుని చేరేది అందుకే. మరమ్మతు చూడ్డానికి ఎవడొస్తాడు?

ఇక మా పెదనాన్న ట్రాక్టరు సంగతి. నిజానికి దాన్ని ట్రాక్టరనడం మర్యాదకే. పొన్నూరు దగ్గర ఒకాయన తన అరటితోటలో తిప్పుకున్న చిన్న బండి అది. ఆయన వాడి, విసిగి, అమ్మేస్తానంటే, పెదనాన్న తన ఎడ్లనీ బండినీ అమ్మి దాన్ని కొన్నాడు. చెట్ల నీడన మెత్తటి నేలలో షికారు చేసిన ప్రాణి మా నల్లరేగట్లో దిగిన మొదటి రోజే దిగాలుపడింది. ఊరు మాత్రం హారతిచ్చింది. ఇది పెరిగి పెద్దదైతే ట్రాక్టరవుతుందా అని అడిగి పెద్దమ్మ చేత తిట్లు తిన్నాను.

ఎడ్లు పోయాక కోటయ్య మిగిలాడు. కోటయ్య పెదనాన్న పాలేరు. ఎడ్లని మేపడం, బండి తోలడం, ఈ రెండే ఆయనకి తెలిసిన పనులు. ఎడ్లు లేని ఇంట్లో తనెందుకని ఆయనకే అనిపించింది. ఊళ్ళో వాళ్ళకీ అనిపించింది. పెదనాన్నకి మాత్రం అనిపించలేదు. ట్రాక్టరు చూపించి, ఇక నించి దీన్ని చూసుకో అన్నాడు. ఎలా చూసుకోవాలో చెప్పలేదు, తనకీ తెలియదు గనక.

కోటయ్య చూసుకున్నాడు. పొద్దున్నే కడిగేవాడు. ఎండలో ఆగితే గోనెపట్టా కప్పేవాడు. ఎవరైనా ఆనుకుని నిలబడితే కసిరేవాడు. అంతగా చూసుకున్నా, రెండో ఏడు దుక్కులకి దాని గేరు నిలబడ్డం మానేసింది. రెండో గేరులో వేస్తే నాలుగు బారలు పోయి టక్కున బయటికి దూకేది. పెదనాన్న నడుపుతుంటే, కోటయ్య పక్కన పరిగెడుతూ పంగలకర్రతో గేరు కర్రని అదిమి పట్టేవాడు. దూరం నించి చూస్తే కోటయ్య ట్రాక్టరుని తోలుతున్నట్టూ, పెదనాన్న ఊరికే కూర్చున్నట్టూ ఉండేది. దగ్గర నించి చూసినా అంతే.

చివరికి మిరప నాట్లకి నేల పదును చిక్కిన వారంలో, చేను మధ్య అది గరగరమని అరిచి ఆగిపోయింది. నారుమళ్ళలో నారు ముదురుతోంది. గట్టు మీద ఊరు సగం చేరింది. ఎడ్లు అమ్మొద్దని చెప్పినవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు.

పెదనాన్నకి కోపం నిదానంగా వస్తుంది. వచ్చాక మాత్రం దానికి జనం కావాలి. "మేస్త్రీని పిలిపిస్తా. నా బండిలో చెయ్యి పెట్టి చెడగొట్టింది ఎవడని తేల్తే, వాడు మళ్ళీ నా గడప తొక్కడు. మా నాన్న మీద ఒట్టు" అన్నాడు.

ఇక్కడ పెదనాన్న గురించి ఒక మాట చెప్పాలి. అన్న మాట వెనక్కి తీసుకోడని ఆయనకో పేరుంది. ఆ పేరు కోసం ఆయన చాలా అవస్థలు పడ్డాడు. ఒకసారి పప్పులో ఉప్పెక్కువైందని కోపం వచ్చి, ఇక ఏడాది ఉప్పు ముట్టనని బంతిలో నలుగురి ముందూ అనేశాడు. ఏడాదీ చప్పిడి తిన్నాడు. కాబట్టి గట్టు మీద ఆ మాట అనగానే అది అయిపోయినట్టే లెక్క. ఎవడో ఒకడు వెళ్ళిపోవాలి. ఎవడన్నది తేలడమే ఆలస్యం. కోటయ్య పంగలకర్ర కింద పెట్టి, చెమట తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

మేస్త్రీ వచ్చాడు. చెవి ఆనించాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. పెదనాన్న చేత ఉతికిన పంచె ఒకటి తెప్పించి వాకిట్లో పరిపించాడు. పెట్టెలో సామానంతా దాని మీదే పేర్చాలి, ఎవరూ దాటకూడదు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. విచారణ మొదలైంది. పెదనాన్న నడిపానన్నాడు. నేను ఎక్కి కూర్చున్నానన్నాను. కోటయ్య వంతు వచ్చింది. "కడిగానయ్యా. చూసుకున్నా" అన్నాడు. ఇంకేం చేశావంటే, మళ్ళీ చూసుకున్నాననే అన్నాడు.

మూత లేచింది.

బండ్ల ఊళ్ళో పుట్టినవాడికి ఆ వాసన ఇదని ఒకరు చెప్పక్కర్లేదు. ఎండుగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి, ముద్ద చేసి, బండి ఇరుసుకి పూస్తారు. కందెన అంటారు. వెదురుబొంగులో నింపి బండి కింద వేలాడదీస్తారు. ఇరుసు కీచుమంటే తీసి పూస్తారు. బండి తోలేవాడికి ఇరుసు పొడిగా ఉండనివ్వడమంటే ఎడ్లని పస్తు పెట్టినంత తప్పు. పెట్టెలో నూనె లేదు. నల్లటి, గరుకు ముద్ద ఉంది. ఇరుసుకి మేలు చేసే ఆ మసే, గేరు చక్రాల మధ్య ఆకురాయిలా తిరిగి పళ్ళన్నిటినీ ఒకవైపు కోసేసింది. కోటయ్య నిజమే చెప్పాడు. చూసుకున్నాడు. బండి అమ్మేసినా పశువుల కొట్టం నిట్టాడి గుంజకి ఇంకా వేలాడుతున్న వెదురుబొంగు మూతి తాజాగా తడిగా మెరుస్తోంది.

మేస్త్రీ వేలు ముంచాడు. రుద్దాడు. వాసన చూశాడు. నాలిక మీద మాత్రం పెట్టుకోలేదు. ఆకాశం వంక చూశాడు, మామూలు కంటే ఎక్కువసేపు. చూపు దించుతూ దారిలో నిట్టాడి మీద ఒక క్షణం ఆపి, మళ్ళీ పెట్టెలోకి తెచ్చాడు. మరలు విప్పుతూ, ఇరుసులు లాగుతూ, పగిలిన బేరింగు ఒకటి కిరసనాయిల్లో కడుగుతూ కూర్చున్నాడు. జనం గుసగుసలాడారు. కోటయ్య భుజం మీది తుండు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఎవడు?" అన్నాడు పెదనాన్న. కోటయ్య వంక చూడలేదు.

నాకు నవ్వొచ్చింది. ట్రాక్టరుకి కందెన పెట్టాడు మా కోటయ్య. ఇంతకంటే మంచి హాస్యం మా ఊళ్ళో నా ఎరికలో పుట్టలేదు. దాన్ని నాకంటే ముందు ఇంకొకరు చెప్పేస్తారేమోనని కంగారులో నోరు తెరిచాను.

"చిన్నబాబూ, ఇవి పట్టుకోండి" అన్నాడు మేస్త్రీ. చెయ్యి చాపాను. "చేతిలో కాదు" అని, బేరింగులోంచి రాలిన ఇనప గోళీలు గుప్పెడు నా నోట్లో పోశాడు. "మా దొర ఇట్టాగే పట్టించేవాడు. మట్టిలో పడితే దొరకవు. మాట్లాడారంటే మింగేస్తారు. మింగితే అవి మళ్ళీ దొరికేదాకా చౌదరిగారి నాట్లు ఆగిపోతాయి."

జనం నవ్వారు. నా హాస్యానికి నవ్వాల్సినవాళ్ళు. నా నోట్లో కిరసనాయిలూ, ఆముదమూ, కాలిన గడ్డీ. సాక్ష్యమంతా నాలిక మీద పెట్టుకుని నేను నోరు మూసుకున్నాను.

అప్పుడు లేచాడు ఆయన. కోటు సర్దుకున్నాడు.

"చౌదరిగారూ, ఇది మనుషులు చేసిన పని కాదు. మట్టి. మీ నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. అదుగో, మీ ఇంటి గోడని చీల్చింది. గోడని చీల్చింది ఈ బిరడాని లెక్కచేస్తుందా? మరల్లోంచి ఎగబాకింది. లోపల కూర్చుని పళ్ళన్నీ తినేసింది."

అందరూ గోడ వంక చూశారు. గోడ నిజంగానే చీలి ఉంది. మా ఊళ్ళో చీలని గోడ లేదు. ఎవరింటి గోడ ఎంత చీలిందో అక్కడే లెక్కలు మొదలయ్యాయి. ఎడ్లు అమ్మొద్దన్నవాళ్ళు, మట్టి సంగతి మాకు ముందే తెలుసన్నారు. ఆ సందట్లో మేస్త్రీ కొట్టం దాకా నడిచి, నిట్టాడికున్న వెదురుబొంగు తీసి, బండే లేనప్పుడు ఇదెందుకు, మా షెడ్డులో పనికొస్తుందంటూ తన సామాను సంచిలో వేసుకున్నాడు. తర్వాత మైనం గుడ్డ ఒకటి కోటయ్య చేతికిచ్చాడు.

"బిరడాకి ఇది కట్టాలి. నువ్వే కట్టాలి. నేనొచ్చి విప్పేదాకా ఎవరూ విప్పకూడదు. అందరికంటే ముందు నువ్వు విప్పకూడదు. అర్థమైందా?"

"అయిందయ్యా" అన్నాడు కోటయ్య. అర్థం కావడమంటే అంత పూర్తిగా అర్థమైన మొహం నేను మళ్ళీ చూడలేదు.

మరమ్మతు మామూలుగానే జరిగింది. పళ్ళు ఒకవైపే అరిగాయి గనక చక్రాల్ని తిరగేసి, అరగని వైపు పనికి పెట్టాడు. గుంటూరు నించి బేరింగులు తెప్పించాడు. నా నోట్లో గోళీలు దేనికీ పనికిరావని అవి వచ్చాక చెప్పాడు. పెట్టెని కిరసనాయిలుతో కడిగి, కడిగి, కందెన చుక్క మిగలకుండా తుడిచి, కొత్త నూనె పోశాడు. పని పూర్తయ్యేదాకా మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. బండి కదిలిన రోజు మాత్రం పెద్దమ్మ వడ్డిస్తూ అలిసిపోయింది. మిరప నారు కాస్త ముదిరినా నాటుకుంది.

నాట్లయ్యేసరికి ఊళ్ళో ఉన్న ఇంకో ట్రాక్టరుకి గోచీ వచ్చింది. మరుసటి ఏటికి చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. ఒక ఆఫీసరుగారి జీపుకి కూడా కట్టి ఉండటం చూశాను. ఆయన గుడ్డ మంచిది, అంచుంది. ఒకసారి వినుకొండలో బస్సు మారుతూ మేస్త్రీ షెడ్డుకి వెళ్ళి, మీ అబద్ధం తాలూకా దాటిందండీ అన్నాను. ఆయన సాసరులో టీ ఊదుకుంటూ, అది మా దొర చెప్పిన శాస్త్రమన్నాడు. ఏ దొర, బట్టతలా, జుట్టా అన్నాను. "నల్లరేగట్లో దున్నిన దొర వేరే ఉన్నాడు చిన్నబాబూ" అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ విషయం మీద జరిగిన మాటలు అవే.

ఆయన పోయాడని బ్రాడీపేటలో విన్నాక, సైకిలు గదిలో పడేసి బస్సెక్కి ఊరికి వెళ్ళాను. పెదనాన్న అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. సంగతి చెప్పాను. చుట్ట నుసి అరుగు అంచున రాల్చాడు. ఇన్నేళ్ళుగా నా ఒక్కడి దగ్గరే ఉన్న రహస్యం ఇక దాచక్కర్లేదనిపించింది. ఇంత నాటకీయమైన విషయం నేను ఎప్పుడూ చెప్పి ఉండను. గొంతు తగ్గించి, ఆ రోజు పెట్టెలో ఉన్నది మట్టి కాదు పెదనాన్నా, కందెన అన్నాను.

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు.

"నేను బండి తోలడం మొదలుపెట్టినప్పుడు మీ నాన్నకి లాగు కట్టుకోవడం రాదు. కందెన వాసన నాకు నువ్వు చెబుతావా?"

"నీకు తెలుసా?"

"మూత తీయగానే తెలిసింది. మీ పెద్దమ్మకి గుమ్మంలోకే తెలిసింది. ఆ వాకిట్లో ముక్కున్నవాడెవడికి తెలియలేదురా?"

నా రహస్యం అలా పోయింది. ఊరంతా తెలిసినదాన్ని నేనొక్కణ్ణే ఇన్నాళ్ళు జాగ్రత్తగా దాచానన్నమాట. తేరుకుని, పోనీలే, మేస్త్రీ దయవల్ల కోటయ్య బతికిపోయాడన్నాను.

"కోటయ్యకేం? ఎడ్లున్న ఇల్లు ఏదైనా వాణ్ణి కళ్ళకద్దుకుని పెట్టుకునేది" అన్నాడు పెదనాన్న. "గట్టు మీద అంత మాట అనేసి వచ్చాక నాకు అన్నం సయించలా. వాడేనని నా మనసుకి అప్పుడే తోచింది. ఇంకెవడు ముట్టుకుంటాడు దాన్ని? మేస్త్రీ నోట వాడి పేరొస్తే వాణ్ణి పంపెయ్యాలి. పంపి నేనేం చేసేవాణ్ణి? ఆ మూత లేవకపోతే బాగుండనుకున్నా. ఆయన మట్టన్నాడు."

చుట్ట ఆరిపోయింది. మళ్ళీ ముట్టించలేదు.

"అంత పేరున్న మనిషి. అబద్ధమాడి ఎరగడు," అన్నాడు.

మద్రాసు దొర జుట్టు సంగతి నాకు నోటిదాకా వచ్చింది. ఆగాను.

ఆయన లేచి కండువా వేసుకున్నాడు. వినుకొండ వెళ్ళి వాళ్ళ పిల్లల్ని ఒకసారి చూసొద్దాం పద అన్నాడు. కోటయ్యకి కబురు పెడదామని చూస్తే ఇంట్లో లేడు. మేము రోడ్డెక్కేసరికి ఉతికిన పంచె కట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాడు. మేస్త్రీ కబురు మాకంటే ముందే అందినట్టుంది.

బస్సు కిటకిటలాడుతోంది. పెదనాన్నకి మాత్రం ఎవరో సీటిచ్చారు. పక్కనున్నాయన ఎందాకా అని అడిగాడు. పెదనాన్న చెప్పాడు, వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డ కోటయ్యకి వినపడేంత గట్టిగా:

"వినుకొండ దాకా అండీ. మా మేస్త్రీ ఒకాయన పోయాడు. ఈ నల్లరేగడి గేరుపెట్టెలోకి ఎట్టా ఎగబాకుతుందో కనిపెట్టింది ఆయనే."